కార్పెట్ తుక్కు, పాత ప్లాస్టిక్ కలిపి పలకలు చెయ్యడం: పాళ్లు, వేడి, ఎక్కడ చెడుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు ఉంది, గ్రైండర్, పాత ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్‌ని కరిగించి స్క్రూతో బయటికి నెట్టే మెషిన్) ఉన్నాయి. ఫంక్షన్ హాళ్లు, మధురవాడ వైపు ఆఫీసులు తీసిపారేసే కార్పెట్లు ఊరికే దొరుకుతున్నాయి. వాటిని తుక్కు ప్లాస్టిక్‌తో కలిపి నడవాల పలకలు, బెంచీ పట్టీలు చెయ్యొచ్చా, పాళ్లు ఏమిటి, తొలిసారి పోసిన పలకల నిండా బుడగలు, పగుళ్లు ఎందుకొచ్చాయి అని.

చెయ్యొచ్చండీ. అయితే ఈ పనిలో చేతులు కాల్చుకున్నవాళ్లలో ఎక్కువమంది చేసిన తప్పు ఒకటే: కార్పెట్‌ని కరిగించాలని చూడటం. కార్పెట్ కరగాల్సిన సరుకు కాదు. మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి వేసి తొక్కుతారు కదా, ఇదీ అంతే. మట్టి పని పాలిథిలిన్ చేస్తుంది, గడ్డి పని కార్పెట్ పీచు చేస్తుంది. హెచ్‌డీపీఈ అనే గట్టిరకం పాలిథిలిన్ 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పాలీప్రొపిలీన్ 160 నుంచి 165 మధ్య, నైలాన్ 6 అయితే 220, నైలాన్ 66, పాలిస్టర్ 250 పైనే. మీరు 180, 185 దగ్గర పని ముగిస్తే పాలిథిలిన్ ముద్దవుతుంది, నైలాన్ పీచు పీచుగానే ఉండి పలకకి బలమిస్తుంది. నైలాన్ కూడా కరగాలని 230కి తీసుకెళ్తే, అది కరిగేలోపే వెనకున్న జనపనార, రబ్బరు జిగురు మాడి షెడ్డంతా పొగ కమ్ముతుంది.

ముందు చేతిలో ఉన్నది ఏమిటో తెలియాలి. విశాఖలో మీకు దొరికేవి ప్రధానంగా మూడు రకాలు. టెంట్ హౌస్‌వాళ్లు, ఫంక్షన్ హాళ్లు వాడే ఎర్రవి, పచ్చవి పల్చటి కార్పెట్లు సూదులతో గుచ్చి అతికించిన పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్. హోటళ్లలో గది పొడవునా పరిచే చుట్టలు నైలాన్ కావచ్చు, పాలీప్రొపిలీన్ కావచ్చు, ఖరీదైన చోట ఉన్ని కలిసి ఉండొచ్చు. వాటి వెనక పాలీప్రొపిలీన్ నేత, దానికి సుద్దపొడి కలిపిన రబ్బరు జిగురు పూత. ఈ జిగురు, సుద్ద కలిసి కార్పెట్ మొత్తం బరువులో మూడో వంతు పైనే ఉంటాయి, కాబట్టి తెచ్చిన బరువంతా పీచే అనుకోవద్దు. మూడోది ఆఫీసుల్లో చదరపు ముక్కలుగా పరిచే కార్పెట్ టైల్స్. అసలు చిక్కు వీటితోనే.

టైల్స్ వెనక దళసరి పొర సాధారణంగా పీవీసీ గాని తారు గాని. పీవీసీ ఈ వేడికి విరిగిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. గొంతు మండుతుంది, కళ్లు మండుతాయి, ఎక్స్‌ట్రూడర్ స్క్రూ, బ్యారెల్ లోపలి ఇనుము తినేస్తుంది. వంద కిలోల్లో కిలో రెండు కిలోలు కలిసినా పలకకి గోధుమరంగు మచ్చలు వస్తాయి. పట్టుకోవడం తేలికే. రాగితీగ కొసని గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చి, టైల్ వెనక గుచ్చి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వెలిగితే పీవీసీ. పచ్చరంగు రాకపోతే గుడ్డకి కిరసనాయిలు తడిపి వెనక రుద్దండి, గుడ్డకి ముదురు గోధుమరంగు అంటితే తారు. రెండిట్లో ఏదైనా సరే, ఆ టైల్ మీ ఎక్స్‌ట్రూడర్‌లోకి వెళ్లకూడదు. బాగున్నవాటిని ఉతికి ఆరబెట్టి ట్యూషన్ సెంటర్లకి, హాస్టళ్లకి మళ్లీ పరుచుకోవడానికి ఇచ్చెయ్యడమే ఉత్తమం. కరిగించి చేసే ఏ వస్తువుకన్నా దాన్ని దానిలాగే వాడుకోవడం మేలు.

మిగతా వాటిలో పీచు ఏమిటో తెలుసుకోవడానికి రెండు గ్లాసులు చాలు. ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో లీటరు నీటికి 360 గ్రాముల ఉప్పు వేసి ఇక కరగదు అనేదాకా కలిపిన ఉప్పునీళ్లు. రెండిట్లోనూ సబ్బునీటి చుక్క వెయ్యండి, లేకపోతే గాలిబుడగలు పట్టుకుని అన్నీ తేలినట్టే కనిపిస్తాయి. పీచుని వెనకున్న జిగురు తగలకుండా పైపైన కత్తిరించి, నీళ్లలో వేసి, వేళ్లతో పిండి వదలండి. మంచినీళ్లలోనే తేలితే పాలీప్రొపిలీన్, అది 185 దగ్గర కరిగిపోతుంది, పీచుగా మిగలదు. మంచినీళ్లలో మునిగి ఉప్పునీళ్లలో తేలితే నైలాన్. రెండిట్లోనూ మునిగితే పాలిస్టర్. ఉన్ని కాస్త గందరగోళం చేస్తుంది గాని, కాలిస్తే జుట్టు కాలిన వాసనతో దొరికిపోతుంది. ఉన్ని, జనపనార ఎక్కువున్న కార్పెట్లు పక్కన పెట్టండి, 200 డిగ్రీల దగ్గర మాడడం మొదలవుతుంది. ఏలూరు ఉన్ని తివాచీల్లాంటివి చినిగినా దీనికి వాడకండి, వాటికి బాగుచేసేవాళ్లు వేరే ఉంటారు.

ఇక కట్టే ప్లాస్టిక్. నూనె క్యాన్లు, షాంపూ సీసాలు, నీలం డ్రమ్ముల నుంచి వచ్చే హెచ్‌డీపీఈ గట్టిది, కరిగినా చిక్కగా ఉంటుంది. అదొక్కటే వాడితే పీచు చుట్టూ పాకదు, అచ్చు మూలలు నిండవు. బకెట్లు, క్రేట్ల నుంచి వచ్చే మోల్డింగ్ రకం పల్చగా పారుతుంది. మొదటిది రెండు వంతులు, రెండోది ఒక వంతు కలిపితే పని సాఫీగా సాగుతుంది. బకెట్లలో పాలీప్రొపిలీన్‌వీ ఉంటాయి, అడుగున అచ్చుపడిన 2 గాని 5 గాని చూసి వేరు చెయ్యండి. 2 ఉన్నదే మీది. విశాఖలో ఇంకో మంచి వనరు ఉంది, ఫిషింగ్ హార్బర్. ట్రాల్ వలలు ఎక్కువగా హెచ్‌డీపీఈ దారంతో అల్లినవే. చిరిగిన వలలు ఉప్పు, ఇసుక పోయేలా రెండుసార్లు కడిగి, సీసం గుండ్లు, బిరడాలు కోసేస్తే చక్కటి సరుకు. నీళ్లలాగా మెరిసే సన్నటి ఒంటిదారం వలలు మాత్రం నైలాన్, వాటిని పీచు లెక్కలో వేసుకోండి.

వంద కిలోల బ్యాచ్‌కి పాళ్లు ఇలా పెట్టుకోండి. వెనక జిగురు పూత ఉన్న కార్పెట్ అయితే హెచ్‌డీపీఈ 55 కిలోలు, కార్పెట్ 40, కప్లింగ్ ఏజెంట్ (పీచుని ప్లాస్టిక్‌కి పట్టించేది) 3, నల్ల మాస్టర్‌బ్యాచ్ (రంగు దానా) 2. జిగురు లేని టెంట్ హౌస్ రకమైతే కార్పెట్ 35కి తగ్గించి, హెచ్‌డీపీఈ 50, పొడి ఫ్లైయాష్ 10 వెయ్యండి, మిగతా రెండూ మామూలే. ఫ్లైయాష్‌కి పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం మీకు దగ్గరే. చెరువులోంచి తీసిన తడి బూడిద కాదు, పొడిగా పట్టిందే కావాలి. దాని రేణువులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ముద్ద జారుడుగా కదులుతుంది, పలక కూడా తక్కువ ముడుచుకుంటుంది. జిగురు ఉన్న కార్పెట్‌లో సుద్ద ఎలాగూ ఉంది కనుక దానికి బూడిద అక్కర్లేదు. కార్పెట్ 40 దాటించకండి. ఊరికే దొరికింది కదా అని 60 పోస్తే పీచుని తడపడానికి ప్లాస్టిక్ చాలదు, పలక చేత్తో విరిస్తే బిస్కెట్‌లా విరుగుతుంది.

కప్లింగ్ ఏజెంట్ ఖరీదని చాలామంది మానేస్తారు. మీ పలకల్లో పగుళ్లకి ముఖ్య కారణం ఇదే కావచ్చు. పాలిథిలిన్ మైనం లాంటిది, నైలాన్‌కి దానితో పొత్తు కుదరదు. మాలిక్ యాన్‌హైడ్రైడ్ గ్రాఫ్ట్ చేసిన పాలిథిలిన్ దానా అని అడగండి. దాని ఒక కొస నైలాన్‌ని రసాయనికంగా పట్టుకుంటుంది, రెండో కొస పాలిథిలిన్‌లో కలిసిపోతుంది. కార్పెట్ వెనక నేతలోని పాలీప్రొపిలీన్‌ని కూడా కొంతవరకు సర్దుతుంది. పట్టు కుదిరిందో లేదో తెలియాలంటే చల్లారిన పలకని సుత్తితో విరిచి, విరిగిన చోట భూతద్దం పెట్టి చూడండి. పీచులు పొడుగ్గా, శుభ్రంగా, దువ్విన జుట్టులా బయటికి వచ్చి ఉంటే పట్టు లేదు, ప్లాస్టిక్‌లోంచి జారిపోయాయి. పొట్టిగా తెగి, కొసలకి ప్లాస్టిక్ అంటుకుని ఉంటే కుదిరినట్టు. పాలిస్టర్ పీచుకి ఈ ఏజెంట్ అంత బాగా పనిచెయ్యదు, అందుకే టెంట్ హౌస్ కార్పెట్ పలకలు ఎప్పుడూ నైలాన్ వాటికన్నా ఒక మెట్టు తక్కువే.

కోత గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముందు కార్పెట్ దులపండి. హాళ్లవాళ్లు కొట్టిన మేకులు, పిన్నులు అయస్కాంతంతో ఏరండి. అరచేతి వెడల్పు పట్టీలుగా కోశాకే గ్రైండర్‌లో వెయ్యండి, పొడవుగా వేస్తే షాఫ్ట్‌కి చుట్టుకుని మోటారు ఆగిపోతుంది. జల్లెడ రంధ్రం 8 నుంచి 10 మిల్లీమీటర్లు. అంతకంటే సన్నగా చేస్తే పీచు పొడైపోయి బలం ఇవ్వదు, పెద్దగా ఉంటే ఎక్స్‌ట్రూడర్ హాపర్‌లో, అంటే సరుకు పోసే తొట్టిలో, గూడు కట్టి కిందికి దిగదు. సుద్ద వల్ల బ్లేడ్లు తొందరగా మొద్దుబారతాయి, రెండు జతలు ఉంచుకోండి. వచ్చిన దూది లాంటి సరుకుని అలాగే ఎక్స్‌ట్రూడర్ పట్టుకోలేదు. కడిగిన పాల ప్యాకెట్లు కార్పెట్ బరువులో ఐదో వంతు కలిపి ఆగ్లో మెషిన్‌లో (తుక్కుని వేగంగా తిప్పి వేడెక్కించేది) తిప్పితే అటుకుల్లా దిమ్మకడుతుంది. ఆ పాల ప్యాకెట్ల బరువు హెచ్‌డీపీఈలోంచి తగ్గించుకోండి.

ఇప్పుడు బుడగల సంగతి. దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి, పలక బతుకు ఇక్కడే తేలుతుంది.

నైలాన్ గాలిలోని తేమని పీలుస్తుంది. సముద్రం పక్కన మనకుండే గాలిలో దాని బరువులో 4 శాతం దాకా నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, ముట్టుకుంటే మాత్రం పొడిగానే ఉంటుంది. 40 కిలోల కార్పెట్‌లో సగం నైలాన్ అనుకోండి, అందులో ఎనిమిది వందల గ్రాముల దాకా నీళ్లు దాక్కుని ఉంటాయి. ఆ నీళ్లు 185 డిగ్రీల దగ్గర సుమారు 1,650 లీటర్ల ఆవిరి అవుతాయి. మీ వంద కిలోల ముద్ద మొత్తం పరిమాణం 90 లీటర్లు. ఆ ఆవిరి ఎక్కడికి పోవాలి? కొంత స్క్రూ వెంట్ (బ్యారెల్‌కి ఆవిరి పోయే రంధ్రం) నుంచి పోతుంది, మిగతాది పలకలో బుడగలై ఉండిపోతుంది. బుడగ దగ్గరే పగులు మొదలవుతుంది, కాబట్టి మీ రెండు జబ్బులూ ఒక్కచోటే పుట్టి ఉండొచ్చు.

డాబా మీద ఎండబెడితే చాలదు. పైతడి ఆరుతుంది గాని పీచులో దిగిన తేమ పోదు, సాయంత్రం సముద్రపు గాలి తగిలేసరికి మళ్లీ ఎక్కుతుంది. వేడిగాలి అల్మారాలో 90 డిగ్రీల దగ్గర, ట్రేలో 5 సెంటీమీటర్ల కంటే మందం లేకుండా, నాలుగైదు గంటలు ఉంచండి. ఆరిందో లేదో తూకమే చెబుతుంది: కిలో సరుకు తూచి, ఇంకో గంట అదే వేడిలో ఉంచి మళ్లీ తూచండి. తేడా 3 గ్రాములు దాటితే ఇంకా ఆరలేదు. తీసినదాన్ని మూతి కట్టిన సంచుల్లో పెట్టి గంటలోపు వాడెయ్యండి. ఆగ్లోలో చల్లే నీళ్లు కూడా సరుకులోకే పోతాయి కాబట్టి ఆరబెట్టడం ఆగ్లో తర్వాతే ఉండాలి, ముందు కాదు.

ఎక్స్‌ట్రూడర్ వేడి హాపర్ వైపు 150 నుంచి మొదలుపెట్టి 165, 175, చివర 185. ముద్ద ఎక్కడా 200 దాటకూడదు. రీసైక్లింగ్‌వాళ్లు అలవాటుగా పెట్టే సన్న జాలీ తీసెయ్యండి, పీచు దానికి అడ్డంపడి నిమిషాల్లో పీడనం పెరిగి మెషిన్ ఆగుతుంది. జాలీ లేదు కాబట్టే ముందు కడగడం, మేకులు ఏరడం అంత శ్రద్ధగా చెయ్యమన్నది. వెంట్ దగ్గర ఆవిరి ధారాళంగా కనిపిస్తుంటే సరుకు ఆరలేదని అర్థం, ఆ బ్యాచ్ వెనక్కి తీసి మళ్లీ ఆరబెట్టండి.

బయటికొచ్చిన ముద్దని తూచి అచ్చులో పెట్టాలి, కళ్లతో అంచనా వెయ్యొద్దు. 300 మిల్లీమీటర్ల చదరం, 25 మందం పలక అంటే 2.25 లీటర్లు. ఈ మిశ్రమం లీటరు 1.1 కిలోల దగ్గర తూగుతుంది కాబట్టి పలకకి రెండున్నర కిలోలు. అచ్చు నిండినా పలక 2.2 కిలోలే తూగితే మిగతాది లోపలి గాలే. నొక్కడానికి చదరపు సెంటీమీటరుకి 50 కిలోలు చాలు, అంటే 900 చదరపు సెంటీమీటర్లకి 45 టన్నులు. 60 టన్నుల ప్రెస్ తీసుకోండి. చల్లారాక ఒకటి, ఒకటిన్నర శాతం ముడుచుకుంటుంది కాబట్టి అచ్చు 304 మిల్లీమీటర్లు కోయించండి. పైన ముఖానికి గళ్ల రేకు అచ్చు వేయించండి, నున్నటి పాలిథిలిన్ పలక తొలి వానకే జారుతుంది.

25 మందం పలక నీళ్లు తిరిగే అచ్చులో కూడా చల్లారడానికి దాదాపు పది నిమిషాలు పడుతుంది. ఒక్క అచ్చుతో గంటకి ఆరు, ఎనిమిది గంటలు నడిపినా యాభైలోపే. చల్లారే సమయం మందానికి వర్గంలో పెరుగుతుంది, మందం సగం చేస్తే సమయం నాలుగో వంతు అవుతుంది. అందుకే పైపొర 12 మిల్లీమీటర్లు ఉంచి, కింద అంతే మందంలో పక్కటెముకల్లా అడ్డంగా నిలువుగా కట్టలు ఇప్పించండి. సరుకు మిగులుతుంది, సమయం మిగులుతుంది, వంగుడు బలం పెద్దగా తగ్గదు. తొందరపడి వేడిగా తీస్తే అంచులు దోసెలా లేస్తాయి. తీసిన పలకల్ని చదునైన బండ మీద దొంతరగా పేర్చి పైన బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్యండి.

ఎక్కడ వాడొచ్చు అన్నదానికి జవాబు సూటిగా చెబుతాను. తోటల్లో నడవా పలకలు, బెంచీ పట్టీలు, పశువుల పాకలో నేల, పూలమొక్కల మడి అంచులు, మనుషులు మాత్రమే నడిచే చోట కాలువ మూతలు, ఇవి బాగా నిలుస్తాయి. ఉప్పుగాలికి ఇనుములా తుప్పు పట్టవు, చెక్కలా చెదలు పట్టవు. దూలం, లింటెల్, మెట్టు, కప్పు రేకు, వాహనాలు తిరిగే చోటు, వీటి జోలికి పోవద్దు. ప్లాస్టిక్ ఎప్పుడూ మోసే బరువు కింద నెలల తరబడి కొంచెం కొంచెంగా కుంగుతూనే ఉంటుంది, కాంక్రీటులో పదో వంతు బిగువు కూడా దీనికి లేదు. కప్పుకి వాడితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రోజున వీచినలాంటి గాలికి మేకుల దగ్గర చీరుకుపోతుంది. ఇంటి లోపలి గోడలకి, వంటింటికి, మెట్లదారికి వద్దే వద్దు. నిప్పు అంటుకుంటే కరిగి మండుతూ కారుతుంది. మంటని ఆపే అల్యూమినియం హైడ్రాక్సైడ్ కలపొచ్చు గాని, సగానికి పైగా కలిపితేనే పని చేస్తుంది, అది 200 డిగ్రీల దగ్గర తనే విరగడం మొదలుపెడుతుంది, పైగా పలక పెళుసెక్కుతుంది. చిన్న షెడ్డులో సాధించే పని కాదు. పాత కార్పెట్లకి మరకలు అంటకుండా ఫ్లోరిన్ రసాయనాలు పట్టించే అలవాటు ఉండేది, అందుకని తాగునీటి తొట్లకి, పిల్లల ఆటవస్తువులకి, కూరగాయల మళ్లకి ఈ సరుకు వాడకండి.

బెంచీ పట్టీలు బిగించేటప్పుడు వ్యాకోచం మరవొద్దు. 2.4 మీటర్ల నల్లపట్టీ డిసెంబరు తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ మధ్య 8 నుంచి 10 మిల్లీమీటర్లు సాగుతుంది. మధ్యలో ఒక స్క్రూ గట్టిగా, కొసల్లో పొడుగు రంధ్రాల్లో వదులుగా బిగించండి. స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ అయితేనే బీచ్ రోడ్డు గాలికి నిలుస్తాయి. ఆనింపులు 30 సెంటీమీటర్లకి మించి దూరం ఉండకూడదు. నల్ల మాస్టర్‌బ్యాచ్ ఎండ దెబ్బ నుంచి బాగా కాపాడుతుంది గాని, గుడి ఆవరణలో, ఇంటి ముంగిట్లో వట్టికాళ్లతో నడిచేచోట వేసవిలో కాలు పెట్టనివ్వదు. అలాంటి చోటికి ఎర్ర ఆక్సైడ్ రంగు, దానితో ఎండని తట్టుకునే స్టెబిలైజర్ మాస్టర్‌బ్యాచ్ వెయ్యండి.

కాంక్రీటులో కార్పెట్ పీచు కలపొచ్చా అని కూడా అడిగారు. పాలీప్రొపిలీన్, నైలాన్ పీచు ఘనమీటరుకి కిలో దాకా కలిపితే తడి ఆరేటప్పుడు వచ్చే వెంట్రుక పగుళ్లు తగ్గుతాయి. పాలిస్టర్ సిమెంటు క్షారానికి కాలక్రమంలో తినేసుకుపోతుంది, వద్దు. పీచు వేశాక మిశ్రమం బిగుసుకున్నట్టు కనిపిస్తుంది, అది చూసి నీళ్లు పొయ్యకండి. పునాది, స్తంభాల్లో కాదు, పెరటి నేలకి మాత్రమే.

ఆరోగ్యం విషయంలో రాజీ పడకండి. నైలాన్ పీచు దుమ్ము ఏళ్లపాటు పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు రావచ్చు. గ్రైండర్ దగ్గర బ్యాగ్ ఫిల్టర్, పనివాళ్లకి ఎన్95 మాస్కు ఉండాలి, తువ్వాలు చుట్టుకోవడం చాలదు. రాల్చిన పొడి కాలువలోకి ఊడిస్తే అది నేరుగా సముద్రానికే చేరుతుంది, ఏరి మళ్లీ బ్యాచ్‌లో వేసుకోండి. తెరిచిన డ్రమ్ములో కట్టెల మంట మీద ప్లాస్టిక్ కరిగించి ఇసుక కలిపే పద్ధతి వీడియోల్లో కనిపిస్తుంది, ఆ పొగ మీ పనివాళ్ల ఒంట్లోకే పోతుంది, దయచేసి చెయ్యకండి. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల ప్రకారం రీసైక్లింగ్ యూనిట్‌కి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి, కొత్త మెషిన్లు కొనకముందే ఆ పని మొదలుపెట్టండి.

తొలి బ్యాచ్‌లో పది పలకలు అమ్మకుండా పక్కన పెట్టండి. రెండు పలకల్ని తూచి, 24 గంటలు నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచండి. 2 శాతం మించి బరువు పెరిగితే పీచు కొసలు బయటపడి ఉన్నాయి, కార్పెట్ పాలు తగ్గించాలి. రెండింటిని మీటరు ఎత్తు నుంచి సిమెంటు నేల మీద మూలకి పడేలా వదలండి. రెండింటిని 25 సెంటీమీటర్ల ఎడంలో రెండు ఇటుకల మీద ఆనించి, మధ్యలో 50 కిలోల సిమెంటు బస్తా పెట్టి వారం ఉంచి, రోజూ ఒకే వేళకి మధ్య కుంగు స్కేలుతో కొలిచి రాసుకోండి. మొదటి రెండు రోజుల తర్వాత కుంగు బాగా నెమ్మదించాలి, అదే జోరుగా దిగుతుంటే ప్లాస్టిక్‌లో పాల ప్యాకెట్ల వాటా ఎక్కువై ఉండొచ్చు. మిగతా నాలుగూ డాబా మీద ఎండకీ వానకీ వదిలి, నెలకోసారి అరచేత్తో పైముఖం రుద్దండి. చేతికి తెల్లటి పొడి గాని పీచు గాని అంటితే స్టెబిలైజర్ చాలలేదు. ఈ కొలతలు పెట్టుకుని విజయవాడ దగ్గర సూరంపల్లిలో ఉన్న కేంద్ర ప్లాస్టిక్ సంస్థ సిపెట్‌కి వెళ్తే వంగుడు, ఒత్తిడి పరీక్షలు ప్లాస్టిక్ పట్టీలకి వాడే ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) డి6109, డి6108 పద్ధతుల్లో చెయ్యగలరేమో అడగండి. కొనేవాళ్లకి చూపించడానికి ఆ కాగితం ఉంటే మంచిది.